సంతల్లో, జాతరల్లో జీవాలకు సోకే అంటురోగాలు – నివారణ: నల్గొండ, పాలమూరు ప్రాంతం

వారపు సంతలు, జాతరలు, పశుప్రదర్శనలు, వలస మందల మజిలీలు వేర్వేరు ఊళ్ల గొర్రెలను, మేకలను ఒకచోటికి చేరుస్తాయి. అక్కడ ఒకదాని నుంచి ఒకదానికి సోకే వ్యాధులనే ఈ వ్యాసంలో సంత రోగాలు అంటున్నాం. తెలంగాణలో గొర్రెలను, మేకలను కలిపి 'జీవాలు' అంటారు. ఇక్కడా అదే మాట వాడుతున్నాం. సంతలో రోగం అంటుకోవడం ఎంత ముఖ్యమో, అంటుకున్న రోగం ఊరికి ఎట్లా చేరుతుందన్నది అంతకంటే ముఖ్యం. సంతలో అమ్ముడై కోతకు పోయిన గొర్రెతో రోగం చాలావరకు ఆగిపోతుంది. ధర కుదరక సాయంత్రం అదే బండిలో ఇంటికి తిరిగొచ్చిన గొర్రె, పెంపకానికి కొనుక్కొచ్చిన గొర్రె, ఈ రెండే రోగాన్ని మందలోకి మోస్తాయి. దక్షిణ తెలంగాణలో నివారణ గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి ఈ రెండు గొర్రెల దగ్గరికే రావాలి.

మెట్ట నేల, మంద, సంత

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పూర్వపు నల్గొండ జిల్లా నుంచి నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వచ్చాయి. పాలమూరు అని కూడా పిలిచే పూర్వపు మహబూబ్‌నగర్ నుంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట విడిపోయింది. జనం నోట మాత్రం ఇది ఇప్పటికీ పాలమూరు, నల్గొండే. ఎర్ర చెలక, రాతి గుట్టలు, వానమీద ఆధారపడిన సేద్యం ఉన్న నేల ఇది. పంట చేతికి రాని ఏడాది ఇంటిని నిలబెట్టేది మంద. పిల్ల పెళ్లికో, బోరుకో, ఆసుపత్రికో డబ్బు కావాలంటే మందలోంచి నాలుగు పొట్టేళ్లు సంతకు పోతాయి. గొల్ల, కురుమ కుటుంబాలకు మందంటే రోజూ తలుపు తీసి చూసుకునే బ్యాంకు.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. మేకలు 49 లక్షల పైచిలుకు. పాలమూరు వైపు నల్లటి ఉన్నినిచ్చే దక్కనీ గొర్రె ఉంది. కురుమలు గొంగడి నేసేది దాని ఉన్నితోనే. నల్గొండ వైపు, కృష్ణా తీరం వెంట పొడుగు కాళ్ల నెల్లూరు జాతి ఎక్కువ. అందులో జోడిపి, పల్ల, దోర అనే రకాలు మాంసానికి పేరుపడ్డవి.

జాతీయ రహదారి మీద ఉన్న పెబ్బేరులో శనివారం జరిగే సంత, దేవరకద్రలో బుధవారం సంత పాలమూరు వైపు పెద్దవి. నల్గొండ వైపు కూడా మండలానికో వారం రోజు ఉంటుంది. సంత హక్కును స్థానిక సంస్థ వేలం వేస్తుంది, పాడుకున్న కాంట్రాక్టరు తైబజారు వసూలు చేస్తాడు. ఇక్కడి నుంచి డీసీఎం వ్యాన్లలో, బొలెరోల్లో జీవాలు హైదరాబాదు జియాగూడ మండీకి పోతాయి. దసరా, సంక్రాంతి, బక్రీదు ముందు వారాల్లో రాకపోకలు పెరుగుతాయి. ఆ వారాల్లోనే రోగాలకూ దారులు ఎక్కువవుతాయి.

గుమిగూడిన చోట రోగం పుట్టడం గొర్రెలకే పరిమితం కాదు. 1984లో చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో, జర్మనీ నుంచి తెప్పించిన అంగోరా కుందేళ్లలో ఒక కొత్త రక్తస్రావ రోగం బయటపడి ప్రపంచమంతా పాకింది. దాని మరో రకం 2010లో ఫ్రాన్సులో కనిపించి, 2020లో అమెరికా పడమటి రాష్ట్రాలకు చేరినప్పుడు అక్కడి కుందేళ్ల ప్రదర్శనలను రద్దు చేసుకోవాల్సి వచ్చింది. జంతువు వేరు, వైరసు వేరు. దూరపు జీవిని తెచ్చి స్థానిక జీవులతో కలపడమనే తప్పు మాత్రం ఒకటే.

ఏ రోగం ఎట్లా పాకుతుంది

నివారణ చర్యలన్నీ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటాయి: రోగం ముట్టుకుంటే వస్తుందా, దోమ కుడితే వస్తుందా, నేల నుంచి వస్తుందా? దీన్ని తేల్చుకోకుండా అన్నింటికీ ఒకే మందు చల్లితే డబ్బు పోతుంది, రోగం మాత్రం ఉంటుంది.

సంతలో అన్నింటికంటే భయపడవలసింది పీపీఆర్. కాపరులు దీన్ని పారుడు రోగం అంటారు. 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో దీన్ని మొదట వర్ణించారు. మన దేశంలో 1987లో తమిళనాడులోని అరసూరులో మొదటిసారి గుర్తించారు. పశువుల 'పెద్ద రోగం', అంటే ముసర వ్యాధికి ఇది దగ్గరి చుట్టం. ముసర 2011లో ప్రపంచం నుంచే తుడిచిపెట్టుకుపోయింది. పీపీఆర్‌ను 2030 నాటికి అట్లాగే తుడిచేయాలని అంతర్జాతీయ సంస్థలు 2015లో లక్ష్యం పెట్టుకున్నాయి. వైరసు ఒంట్లో చేరిన నాలుగైదు రోజులకు 104 నుంచి 106 డిగ్రీల ఫారెన్‌హీటు జ్వరం, కళ్లలో పుసి, ముక్కు నుంచి మొదట నీళ్లలా, తర్వాత చిక్కగా చీమిడి, నోట్లో తవుడు అంటుకున్నట్టు తెల్లని పొర, ఆ వెంటనే పారుడు, దగ్గు. కంటి నీరు, ముక్కు చీమిడి, చొంగ, పేడ అన్నిట్లోనూ వైరసు ఉంటుంది. పైకి పూర్తిగా కనపడకముందే, జ్వరం మొదలైనప్పటి నుంచే, గొర్రె దాన్ని వెదజల్లుతుంది. ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడితే చాలు. ఇందులో ఊరట కలిగించే సంగతి కూడా ఒకటుంది. ఈ వైరసు ఎండకు, సబ్బుకు, మామూలు క్రిమినాశకాలకు తట్టుకోలేదు. బతికి బయటపడిన గొర్రె జీవితాంతం రోగాన్ని మోసుకు తిరగదు. అందుకే దీన్ని తుడిచేయగలమని శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు.

గొర్రె మశూచిని ఇక్కడి ఇళ్లలో 'అమ్మవారు' అంటారు. మూతి చుట్టూ, తొడల లోపల, చంకల్లో, తోక కింద, అంటే ఉన్ని లేని చోట్ల బొబ్బలు లేస్తాయి. ఇది పీపీఆర్‌కు పూర్తిగా విరుద్ధం. రాలిన పక్కుల్లో, నీడ పడే దొడ్డి మూలల్లో ఈ వైరసు నెలల తరబడి బతుకుతుంది. అందుకే రోగం తగ్గిన దొడ్డిని మట్టి గీకి, చెత్త కాల్చి, సున్నం పూయకుండా కొత్త పిల్లలను అందులోకి తోలితే మళ్లీ మొదటికొస్తుంది.

గాలికుంటు గొర్రెల్లో తేలిగ్గా, ఒకోసారి కనీకనపడకుండా ఉంటుంది. కొంచెం కుంటుతుంది, ఒక పూట మేయదు, అంతే. సంతలో గొర్రెల పక్కనే ఎడ్లు, బర్రెలు ఉంటాయి గనక ఆ చిన్న కుంటుకే పెద్ద మూల్యం చెల్లించవలసి వస్తుంది. 2001లో బ్రిటన్ నేర్చుకున్నది ఇదే. ఉత్తర ఇంగ్లండులోని హెక్సమ్, లాంగ్‌టౌన్ సంతల్లో చేతులు మారిన గొర్రెలు, రోగం ఉందని ఎవరికీ తెలియకముందే గాలికుంటును దేశమంతా చల్లేశాయి. దాన్ని ఆపడానికి 60 లక్షలకు పైగా జంతువులను చంపవలసి వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఒక నియమం పెట్టారు: సంత నుంచి ఏ జీవి మందలోకి వచ్చినా నిర్ణీత రోజులదాకా ఆ మందలోంచి మరో జీవిని బయటికి పంపకూడదు. మొదట 20 రోజులు పెట్టి, తర్వాత 6 రోజులకు తగ్గించారు. రోగం లేని రోజుల్లో కూడా ఇది వర్తిస్తుందన్నది గమనించవలసిన సంగతి. జబ్బు కనిపించాకే కదలికలను ఆపడం, అప్పటికే ఆలస్యమని వాళ్లకు అనుభవం చెప్పింది.

నీలినాలుక రోగం మాత్రం వేరే దారిన పోతుంది. మూతి, పెదవులు వాచి, నాలుక నీలంగా మారి, గిట్టల పైభాగం ఎర్రబారి గొర్రె అడుగు తీసి అడుగు వేయలేదు. మన దేశంలో 1964లో మహారాష్ట్రలో దీన్ని మొదట గుర్తించారు. పక్క గొర్రెను తాకితే రాదు. బురదలో, తడి పేడలో పెరిగే, నలుసంత ఉండే కుట్టే ఈగల వల్ల వస్తుంది. దాన్ని మోస్తున్న గొర్రె సంత నుంచి కొత్త ఊరికి పోతే, ఆ ఊరి ఈగలు రక్తం తాగి మిగతా మందకు పంచుతాయి. కాబట్టి సంత ఆవరణలో క్రిమినాశకం ఎంత చల్లినా దీనికి ఉపయోగం లేదు. నీళ్లు నిలవకుండా చూడటం, పొద్దుగూకాక దొడ్డిలో వేపాకు పొగ పెట్టడం, రోగాల కాలానికి ముందే టీకా వేయించడం పనికొస్తాయి. ఐదు రకాల వైరసులకు కలిపి చేసిన టీకా మన దేశంలోనే తయారవుతోంది.

దొమ్మ రోగం నేల రోగం. అప్పటిదాకా బాగున్న గొర్రె ఉన్నపాటున పడి చస్తుంది, ముక్కు నుంచీ మలద్వారం నుంచీ గడ్డకట్టని నల్లటి నెత్తురు వస్తుంది. అట్లాంటి కళేబరాన్ని కోయకూడదు, తోలు ఒలవకూడదు, సంతకు తేకూడదు. గాలి తగిలితే సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని దశాబ్దాల పాటు మట్టిలో ఉండిపోతుంది. మనిషికీ సోకుతుంది. గర్భం పోయేట్టు చేసే ఈసుకుపోయే రోగం కూడా మనిషికి సోకుతుంది, కాన్పు చేసిన చేతుల ద్వారా కాపరి ఇంట్లోకి వస్తుంది. గజ్జి, మూతి పుండ్లు, గిట్టల పుండ్లు ప్రాణాలు తీసేవి కాకపోయినా సంత నుంచి వచ్చే వాటిలో అన్నింటికంటే తరచుగా కనిపించేవి ఇవే. వానకాలపు బురద సంతలో గిట్టల జబ్బు అంటకుండా రావడం కష్టం.

సంత రోజు

తెల్లవారుజామున నాలుగింటికి బండ్లు రావడం మొదలవుతుంది. ముందరి కాళ్లు తాడుకు కట్టి, తలలు ఎదురెదురుగా పెట్టి గొర్రెలను రెండు వరసల్లో నిలబెడతారు. తాడు ఒకటే, కొన అటు ఎవరిదో ఇటు ఎవరిదో. తల తిప్పడానికి చోటుండదు. ఒక గొర్రె ఊపిరి ఎదుటి గొర్రె ముక్కుకు తగులుతూనే ఉంటుంది. పీపీఆర్‌కు ఇంతకంటే అనువైన ఏర్పాటు కావాలని చేసినా కుదరదు.

ఇక బేరగాడు వస్తాడు. పొట్టేలు నడ్డి మీద బొటనవేలితో నొక్కి కండ చూస్తాడు. ఆ వెంటనే కింది పెదవి కిందికి లాగి పళ్లు లెక్కపెడతాడు, పాలపళ్లా, రెండు పళ్లా, నాలుగా. చొంగ అంటిన అదే వేలు పక్క గొర్రె పెదవి మీదికి పోతుంది. పొద్దెక్కేలోగా అట్లా వంద నోళ్లు తెరుస్తాడు. రోగం అంటించాలని ఆయనకు ఏ కోశానా ఉండదు. వయసు చూడకుండా ఎవరు కొంటారు? కాబట్టి పళ్లు చూడొద్దని చెప్పడం వృథా. నడుముకు సబ్బు నీళ్ల సీసా ఒకటి కట్టుకుని, ఒకరి మంద దాటి ఇంకొకరి మందకు పోయేటప్పుడల్లా చేయి కడుక్కోమని చెప్పడం సాధ్యమైన పని. సంత కాంట్రాక్టరు ప్రతి వరస కొసనా ఒక బకెట్, సబ్బు పెడితే ఖర్చు తైబజారులో కనపడనంత.

నీళ్ల తొట్టి రెండో ప్రమాదం. సిమెంటు తొట్టిలో ఉదయం నింపిన నీళ్లలో సాయంత్రందాకా అన్ని మూతులూ పెడతాయి. నీళ్లు ఎవరి బకెట్లో వాళ్లు పట్టుకుని తమ గొర్రెలకు పెట్టుకోవడం మేలు. తొట్టి పెట్టక తప్పదనుకుంటే అది పొడవుగా, లోతు తక్కువగా ఉండాలి. నీళ్లు ఒక కొసన పడుతూ మరో కొసన బయటికి పారాలి. సంత ముగిశాక దాన్ని తోమి ఎండబెట్టాలి.

ఆవరణ గురించి పెద్ద మాటలు అక్కర్లేదు. ఎత్తైన, నీళ్లు నిలవని నేల, జీవాలకు పశువులకు వేరు వేరు స్థలం, లోపలికి ఒక దారి బయటికి ఇంకో దారి, జబ్బుపడ్డదాన్ని కట్టేయడానికి గాలివాటుకు కిందగా విడిగా ఒక పాక. సంత పూర్తయ్యాక ముందు పేడ ఎత్తేయాలి, తర్వాతే మందు చల్లాలి. పేడ మీద బ్లీచింగ్ పౌడరు చల్లడం చాలా చోట్ల కనిపించే పని. అట్లా చల్లిన మందు పేడ మీదే ఖర్చయిపోతుంది కాని కింద ఉన్న వైరసుకు తగలదు. ఊడ్చి కడిగిన నేలకు, బండి నేలకు 4 శాతం వాషింగ్ సోడా నీళ్లు గాలికుంటు వైరసు మీద బాగా పనిచేస్తాయి. మశూచికి బ్లీచింగ్ నీళ్లు వాడాలి. ఒకటి రెండు రోజులు ఎండ పడనివ్వడం వీటన్నిటికంటే చౌక.

బండి సంగతి మరచిపోతుంటాం. జియాగూడలో గొర్రెలను దింపిన డీసీఎం ఖాళీగా తిరిగొస్తూ, దారిలో ఇంకో ఊరిలో మేతకో బేరానికో ఆగుతుంది. నేల మీద గడ్డి, పేడ, ఎవరివో మూత్రం తడి అట్లాగే ఉంటాయి. పెంపకానికి గొర్రెలను ఎక్కించుకునే ముందు బండి నేలను చీపురుతో గీకి, కడిగి, సోడా నీళ్లు పోసి, ఆరబెట్టమని అడిగే హక్కు కిరాయి ఇచ్చే కాపరికుంది. అడగడం అలవాటు కావాలి, అంతే.

సంత గుమ్మం దగ్గర పశువైద్య సిబ్బంది జ్వరం చూస్తామంటే కాపరులు సందేహిస్తారు. అందులో న్యాయం లేకపోలేదు. ఆరోగ్యంగా ఉన్న గొర్రెకే 102–103 డిగ్రీలుంటుంది. ఎండలో బండి దిగిన గొర్రెకు అది ఇంకా పెరుగుతుంది. నీడలో ఒక గంట నిలబెట్టి, ఆ తర్వాత చూస్తేనే ఆ అంకెకు అర్థముంటుంది. అసలు తనిఖీకి థర్మామీటరు కంటే ముందు కళ్లు కావాలి: కంట్లో పుసి ఉందా, ముక్కు కారుతోందా, తోక కింద పేడ అంటి ఉందా, కుంటుతోందా, మిగతా వాటికి దూరంగా తల వేలాడేసి నిలబడిందా. ఈ ఐదూ చూడటానికి నిమిషం పట్టదు. కాపరి వీటిని తన మందలో రోజూ చూస్తాడు. పరాయి గొర్రెను కొనేటప్పుడు ధర తొందరలో వదిలేస్తాడు.

రోగపు గొర్రె అసలు సంతకు ఎందుకొస్తుంది? దీనికి జవాబు చెప్పకుండా నివారణ గురించి రాయడం సరికాదు. మందలో రెండు చనిపోగానే మిగతావి పోయేలోగా అమ్ముకుంటే కొంతన్నా దక్కుతుందని కాపరి పరుగెత్తుతాడు. ఇరవై గొర్రెల మీద ఇల్లు నడిచేవాడిని ఇందుకు దోషిగా నిలబెట్టలేం. చనిపోయిన జీవానికి బీమా సొమ్ము త్వరగా చేతికి అందితే ఆ పరుగు ఆగుతుంది. చెవి పోగు వేయించి, బీమా కట్టి, చనిపోయినప్పుడు పశువైద్యుని ధ్రువపత్రం తీసుకోవాలన్న నియమాలు ఉన్నవే. ఊరికొచ్చే సంచార పశువైద్యశాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేసే సౌకర్యం తెలంగాణలో 2017 నుంచి ఉంది. మొదటి గొర్రె పడ్డ రోజే ఆ ఫోన్ చేయడం, సంతకు పోవడం కంటే లాభమని కాపరికి అనుభవంలో తెలిసిరావాలి. అది ప్రభుత్వం ఎంత త్వరగా స్పందిస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

తిరిగొచ్చిన గొర్రె, కొత్త గొర్రె

ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమావళి పీపీఆర్‌కు, గొర్రె మశూచికి రోగం బయటపడటానికి పట్టే గరిష్ఠ గడువును 21 రోజులుగా తీసుకుంటుంది. గాలికుంటుకు 14 రోజులు. అంటే సంత నుంచి వచ్చిన జీవాన్ని 21 రోజులు విడిగా ఉంచితే ముట్టుకుంటే వచ్చే పెద్ద రోగాలు మూడూ ఆ గడువులోనే బయటపడాలి. నీలినాలుకకు మాత్రం ఇది చాలదు. దాని వైరసు రక్తంలో ఉండే గడువును అదే నియమావళి 60 రోజులుగా లెక్కిస్తుంది.

విడిగా ఉంచడం అంటే వేరే గది కట్టడం కాదు. ఊరి బయట చింతచెట్టు కింద ముళ్లకంప దడి, వేరే బకెట్, వేరే మేత. మొదట సొంత మందను మేపి, నీళ్లు పెట్టి, ఆ తర్వాతే వీటి దగ్గరికి పోవాలి. వరస తిరగేస్తే చేతులు, చెప్పులు, గొంగడి రోగాన్ని మోసుకొస్తాయి. గాలి వీచే దిక్కుకు మంద కింద పడకుండా చూసుకోవాలి. ఈ రోజుల్లోనే నట్టల మందు తాగించాలి, గజ్జి ఉంటే మందు నీళ్లలో ముంచాలి, గిట్టలు కత్తిరించాలి. టీకా పడలేదని తెలిస్తే వేయించాలి.

ఇది చెప్పినంత తేలిక కాదని ఒప్పుకోవాలి. ఒకే మనిషి మేపే మందకు రెండో కాపరి ఎక్కడి నుంచి వస్తాడు? అందుకే గొర్రెల పెంపకందారుల సహకార సంఘం ఊరికంతా కలిపి ఒక విడిదొడ్డి పెట్టడం మంచి ఉపాయం. వంతులవారీగా సంఘ సభ్యులు చూసుకుంటే ఎవరికీ భారం కాదు. 

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ ఈ లెక్కను పెద్ద ఎత్తున ముందుకు తెచ్చింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. మొదట్లో దాని విలువ 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. గొర్రెలను ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర వంటి పక్క రాష్ట్రాల నుంచి కొనితెచ్చారు. వందల కిలోమీటర్లు లారీలో వచ్చి, కొత్త నీరు, కొత్త మేత, కొత్త మందతో ఒక్కసారిగా కలిసిన గొర్రెకు ఒంట్లో బలం తగ్గుతుంది, లోపల అణగి ఉన్న రోగం పైకొస్తుంది. సరిహద్దు దాటే గొర్రె విషయంలో 21 రోజుల విడిదొడ్డి కాగితం మీద కాకుండా నేల మీద ఉండాలని పంపిణీ వంటి ప్రతి పథకమూ లెక్కలో వేసుకోవలసి ఉంటుంది.

టీకా, దాని వేళ

పీపీఆర్ టీకా ఒక్కసారి సరిగ్గా పడితే మూడేళ్లకు తక్కువ కాకుండా రక్షిస్తుంది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సుంగ్రి పేరుతో ఉన్న వైరసు రకం నుంచి భారత పశువైద్య పరిశోధన సంస్థ ముక్తేశ్వర్ కేంద్రంలో తయారుచేసిన టీకా దేశమంతా వాడుకలో ఉంది. హైదరాబాదు శాంతినగర్‌లోని పశువైద్య జీవౌషధ పరిశోధన సంస్థ రాష్ట్రానికి కావలసిన జీవాల టీకాలను తయారుచేస్తుంది. మూడు నెలలు దాటిన పిల్లలకు చర్మం కింద ఒక మిల్లీలీటరు వేస్తారు. మందలో ఏటా కొత్త పిల్లలు పుడతాయి గనక పెద్దవాటికి పడిందన్న ధీమా చాలదు. మందలో నూటికి కనీసం 70 జీవాలకు రక్షణ ఉంటేనే రోగం గొలుసు తెగుతుంది.

వేళ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. టీకా పడిన రోజే గొర్రెకు రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. శుక్రవారం టీకా వేయించి శనివారం పెబ్బేరు తోలితే ఆ టీకా సంతలో అక్కరకు రాదు. అప్పటికే రోగం లోపల ఉంటే దాన్ని ఆపదు కూడా. చిటుకు రోగానికి, గొంతువాపుకు వానలకు ముందు, అంటే మే, జూన్ నెలల్లో వేయించాలి. గాలికుంటుకు 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఊళ్లలో ఉచితంగా టీకాలు వేస్తున్నారు.

మంచు పెట్టెలో వచ్చిన సీసాను కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. మే నెల పాలమూరు ఎండలో రాతి మీద పెట్టిన సీసాలో మిగిలేది ఉత్త నీళ్లే. సూది విషయం కూడా ఉంది. ఒకే సూదితో మంద తర్వాత మందను పొడిస్తూ పోతే, టీకా పేరుతో మనమే రోగం పంచినట్టు. కనీసం మందకో కొత్త సూది, వీలైతే పది జీవాలకోసారి మార్చడం మంచిది.

జాతర

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. జనం దాన్ని పెద్దగట్టు అనీ గొల్లగట్టు అనీ పిలుస్తారు. మేడారం తర్వాత రాష్ట్రంలో ఇంత పెద్ద జాతర ఇదేనని చెప్పుకుంటారు. యాదవుల కులదైవం కొలువు గనక మొక్కుబడి జీవాలు వేల సంఖ్యలో గట్టుకు వస్తాయి. సంతకూ జాతరకూ ఇక్కడ తేడా ఉంది. మొక్కు తీర్చిన జీవం తిరిగి ఊరికి పోదు కాబట్టి రోగం దాంతోనే ఆగాలి. ఆగకపోవడానికి కారణాలు మూడు: మొక్కు మిగిలి వెనక్కి తోలుకుపోయిన జీవాలు, గట్టు చుట్టూ కుప్పలుగా పడి ఉన్న పేగులూ కడుపు చెత్తా, కుక్కలు ఈడ్చుకుపోయే బొమికలు. నెత్తురు, చెత్త పడేందుకు లోతైన గుంతలు తవ్వించి, ప్రతి సాయంత్రం సున్నం చల్లి మట్టి కప్పడం, తోళ్లను ఉప్పు పట్టించి అదేరోజు తరలించడం చేయాలి. ఆలయ కమిటీ, పంచాయతీ, పశుసంవర్ధక శాఖ ఈ పనిని తమ మధ్య పంచుకోవాలి. జాతరకు మూడు వారాల ముందు చుట్టుపక్కల మండలాల్లో టీకాల శిబిరం పెడితే అదే అన్నిటికంటే గట్టి కాపు.

కాపరికి దేవుడి మొక్కు ముఖ్యం. జబ్బుపడ్డ జీవాన్ని దేవుడికి ఇవ్వకూడదన్న నియమం మన ఆచారాల్లోనే ఉంది, నలత లేని పొట్టేలునే మొక్కుకు ఎంచుతారు. పశువైద్యుడు ఈ మాటనే ఎత్తుకుని మాట్లాడితే, పుస్తకంలోని నిబంధన చదివి వినిపించిన దానికంటే తొందరగా మనసుకెక్కుతుంది.

చట్టం

2009లో వచ్చిన జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం రోగం ఉందని అనుమానం వచ్చిన యజమాని వెంటనే గ్రామాధికారికో పంచాయతీ బాధ్యునికో తెలపాలి, ఆ జీవాన్ని వేరుచేయాలి. నియంత్రిత ప్రాంతంగా ప్రకటించిన చోట జీవాల రాకపోకలను ఆపే అధికారం రాష్ట్రానికి ఉంటుంది. పీపీఆర్, గొర్రె మశూచి, నీలినాలుక, దొమ్మ ఈ చట్టం జాబితాలోనే ఉన్నాయి. 2022లో లంపీ స్కిన్ రోగం పశువుల్లో వ్యాపించినప్పుడు రాజస్థాన్‌లోని పుష్కర్ పశువుల సంతను నిలిపివేశారు. సంత మూసేస్తే పేద కాపరికి ఆ నెల పైసా రాదన్నదీ నిజమే. కాబట్టి మూసివేత చివరి ఆయుధంగా ఉండి, దానికి ముందు తనిఖీ, టీకా, విడిదొడ్డి నడవాలి.

వలస మందలు

సంతకు గుమ్మం ఉంటుంది, వలసకు ఉండదు. ఎండలు ముదిరాక పాలమూరు మందలు కృష్ణా తీరానికి, నల్లమల అంచులకు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు కదులుతాయి. వరి కోసిన మడుల్లో రాత్రిళ్లు మంద పెడతారు. గొర్రెల పేడ, మూత్రం పొలానికి ఎరువు, కాపరికి గింజలో డబ్బులో ముడుతాయి. మంద పెట్టించుకోవడానికి ఒకే రైతు రెండు ఊళ్ల మందలను పిలుస్తాడు. వాటికి ఒకే కాలువ నీళ్లు, ఒకే గట్టు నీడ. నెల రోజులపాటు రాత్రీ పగలూ కలిసి ఉండే ఈ మందల్లో పీపీఆర్ పడితే, సంతలో ఒక్క పూట కలిసిన గొర్రెల కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. బయలుదేరడానికి నెల ముందే టీకా వేయించి, చెవి పోగులు వేయించి, ఆ కాగితం గొంగడి మడతలో పెట్టుకోవాలి. పొలం దగ్గర ఇంకో మంద కనపడగానే కాపరులు పలకరించుకుంటారు. మీది ఏ ఊరు, ఎక్కడ నీళ్లు తాపారు అన్న మాటల మధ్యలోనే మందలో ఏమైనా నలత ఉందా అని అడగాలి. ఉందంటే ఒక మడి ఎడం పెట్టి, నీళ్లకు కాలువ ఎగువ నుంచి తాము, దిగువ నుంచి వాళ్లు దిగేట్టు మాట్లాడుకోవాలి.